మా అయాజ్ పనికి పోతున్నాడు, తోడును తీసివేయవద్దు

పుంగనూరు,
రంజాన్ నెల.

గౌరవనీయులైన ప్రత్యేక అధికారి వారి సముఖమునకు,
పింఛనుదారుల ఉపాధి ప్రయోగ పథకం, మదనపల్లె.

అయ్యా,

మా అబ్బాయికి పని దొరికింది! దొరకడమే కాదు, నిలిచింది కూడా. దసరా అయిపోయిన వారంలో చేరినవాడు ఈ రోజుకీ పోతున్నాడు. నేను ఇది రాసే ఈ ఘడియలో మదనపల్లె టమోటా షెడ్డులో క్రేట్లు కడుగుతూ ఉంటాడు.

విషయం అనే లైను దీనికి పైన రావలసింది. అర్జీలు రాసిపెట్టే వారి దగ్గరికి పోకుండా నేనే రాసుకుంటున్నాను గనుక, తర్వాత చెప్పవలసినది ఆగలేక ముందే బయటికి వచ్చేసింది. క్షమించగలరు. కాగితం చించి మళ్ళీ మొదలుపెడదామని అనుకున్నాను గానీ, ఇన్ని నెలలుగా ఎవరికీ చెప్పుకోలేని మాటను మొదటిసారి రాతలో చూసుకున్నాక చించబుద్ధి కాలేదు.

విషయం: పింఛనుదారుల ఉపాధి ప్రయోగ పథకం, పుంగనూరు భాగం – మా కుమారుడు షేక్ అయాజ్ పని చేయుచుండియు పని చేయనట్లు నమోదగుట – పనిలో తోడుండు సహాయకురాలిని నెలాఖరుకు తొలగించు ఉత్తర్వును నిలుపుదల చేయుట – గురించి.

పై విషయమునకు సంబంధించి షేక్ సిరాజుద్దీన్ అను నేను తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను పుంగనూరు వాస్తవ్యుడను. పరుపులు కుట్టుట నా వృత్తి. ఇప్పుడు చూపు మందగించినందున దిండ్లు మాత్రమే కుడుతున్నాను. చదువు ఆరో తరగతి, తెలుగు మీడియం. నా భార్య పేరు ఖుర్షీదా. మాకు ఇద్దరు బిడ్డలు. పెద్దమ్మాయి నిలోఫర్‌ను కుప్పం ఇచ్చినాము. చిన్నవాడు అయాజ్. వాడికి బుద్ధి ఎదుగుదల తక్కువ అని డాక్టర్లు రాసి ఇచ్చినారు. చూపిస్తే నేర్చుకుంటాడు, చాలా నిదానంగా. నేర్చుకున్నది మాత్రం వాడి నుంచి ఎవరూ ఊడబెరకలేరు. నేర్చుకున్న దానిలో ఏదైనా మారితే మాత్రం ఉన్నచోటే నిలబడిపోతాడు.

2. వాడికి పింఛను రావడానికి మేము తిరిగిన తిరుగుడు కొత్తది కాదు, అందరూ తిరిగేదే. కానీ ఒక సంగతి ఇదివరకు ఎవరికీ రాసుకోలేదు, తమరికి రాసుకుంటున్నాను. వాడిని ఎక్కడికి తీసుకుపోయినా వాడి ముందరే "వీడికి ఏమేమి రాదు?" అని అడుగుతారు. అడగడం వారి పని, తప్పు పట్టను. చెప్పడం మా పని. లెక్క రాదు సార్. గడియారం చూడను రాదు సార్. ఒంటరిగా రోడ్డు దాటలేడు సార్. ఏమి రాదో బాగా చెప్పగలిగితేనే కాగితం వస్తుంది. ఏండ్ల తరబడి చెప్పి చెప్పి నాకది నోటికి వచ్చిన పాఠమైపోయింది. వాడు పక్కన నిలబడి వింటూ, నేను ఏదైనా మరచిపోతే తానే అందించేవాడు (మాలో నాన్నను అబ్బా అంటారు). "అబ్బా, చొక్కా గుండీలు చెప్పలేదు" అని.

అయ్యా, ఇంటికి వచ్చినాక ఆ దినం నేను మళ్ళీ సూది పట్టేవాణ్ణి కాదు.

3. అటువంటి మాకు పోయిన వానకాలంలో తమరు పుంగనూరు వచ్చి మీటింగు పెట్టి ఓపికగా చెప్పినారు. పింఛను తీసుకునేవారు పనిలో చేరడానికీ, చేరిన పనిలో నిలవడానికీ ఏది అక్కరకు వస్తుందో పరీక్ష చేసి చూస్తామన్నారు. చీటీలు వేసి మూడు ఊళ్ళకు మూడు పద్ధతులు పెట్టినామన్నారు. కుప్పంలో ఎప్పటి మాదిరే, పింఛను ఒక్కటే. మదనపల్లెలో పని దొరికినా పింఛను ఆపరు. పుంగనూరులో పింఛను ఆపరు, దాని మీద పని వెతికిపెట్టి, కుదురుకునే దాకా పక్కన నిలబడి నేర్పే మనిషిని కూడా ఇస్తారు. చివరకు ఎక్కడ ఎక్కువమంది పనిలో నిలిచినారో చూసి, ఆ పద్ధతిని అన్ని ఊళ్ళకూ తెస్తారు. ఇదీ తమరు చెప్పినది. నాకు బాగా అర్థమైంది.

"పింఛను ఆపము" అని తమరు మళ్ళీ మళ్ళీ చెప్పినారు. తమరు మంచికే చెప్పినారు. కానీ బయటికి వచ్చినాక మా పక్కింటి దొరస్వామి నా భుజం మీద చెయ్యేసి, "ఏం భాయ్, నిజంగా ఆపనోళ్ళు ఆపము ఆపము అని ఇన్నిసార్లు సెప్తారా?" అన్నాడు. ఆ ఒక్క మాట మా వీధంతా నిలబడిపోయింది. తమరు గంటసేపు చెప్పినది ఎవరికీ గుర్తు లేదు.

4. పుంగనూరుకు తమరు ఇచ్చిన మనిషి హేమలతమ్మ. సోమల ఊరి అమ్మాయి. మా వీధిలో తోడు మేడమ్ అంటారు. ఆమె వచ్చి మమ్మల్ని అడిగిన మొదటి మాట తమరికి తెలియజేయాలి. "అప్పా, వీడికి ఏమేమి వచ్చు?" అని అడిగింది. నేను అలవాటు చొప్పున లెక్క రాదమ్మా, గడియారం రాదమ్మా అని మొదలుపెట్టినాను. ఆమె ఆపి, "అది కాదప్పా, ఏమొచ్చో సెప్పు" అనింది. ఖుర్షీదాయే వంటింట్లో నుంచి, "గిన్నెలు కడిగితే అద్దం మాదిరి కడుగుతాడు. ఒగదాని మీద ఒగటి పేర్చి పెడతాడు. పేర్చింది నేను కదిపితే ఊరుకోడు" అనింది.

ఆ మాట పట్టుకుని హేమలతమ్మ మదనపల్లెలో టమోటాలు సర్ది పై ఊళ్ళకు పంపే షెడ్డొకటి వెతికి, క్రేట్లు కడిగి పేర్చే పని కుదిర్చింది.

5. ఆమె నేర్పిన తీరు రాయకపోతే తమరికి విలువ తెలియదు గనుక రాస్తున్నాను. మొదట బస్సులో వాడి పక్క సీటులో కూర్చుని పోయింది. తర్వాత వెనక సీటు. తర్వాత బస్సు చివర. ఆ తర్వాత వాడిని ఒంటరిగా ఎక్కించి, తాను వెనక బస్సులో పోయేది. అయాజ్ ఇంటికి వచ్చి దిగులుగా, "అమ్మీ, హేమక్క పాపం, దినామూ బస్సు తప్పిపోతాండాది" అని చెప్పేవాడు.

షెడ్డులో వీడు పేర్చడం మొదలుపెడితే ఆపడం తెలియక, క్రేట్ల వరస మనిషెత్తు దాటి ఒకరోజు మొత్తం కూలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అల్లా దయ. అక్కడి మేస్త్రీ రమణ కోపంతో పంపేయబోతే, హేమలతమ్మ పక్కన ఉన్న ఇనుప స్తంభానికి ఒక ఎర్రగుడ్డ కట్టి, "అయాజూ, గుడ్డ కాడికి వస్తే కొత్త వరస" అనింది. అంతే అయ్యా. ఒక గుడ్డ ముక్క. నేను జీవితమంతా గుడ్డలతో బతికినవాణ్ణి, నాకు తోచలేదు.

మొదటి దినం వాడు ఇంటికి వచ్చినప్పుడు ప్యాంటు అంచులు తడిసి, ఒళ్ళంతా టమోటా వాసన. నీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతులు పట్టుకుని నేను నవ్వినాను, ఏడ్చినాను, రెండూ కలిసిపోయినాయి. నా బిడ్డ చేతులు అలసిపోయినాయి అయ్యా! పని చేసి అలసిపోయినాయి! ఆ దినం ఎవరైనా రాజ్యం ఇస్తామన్నా ఆ చేతులు వదిలి పోయి ఉండను.

6. ఇక తప్పు జరిగిన సంగతి. ఇంతవరకూ సంతోషం గనుక చెయ్యి పరుగెత్తింది, ఇక్కడి నుంచి నిదానంగా రాస్తాను.

ఖుర్షీదాకు భయం. ఆమె భయం ఆమె బుద్ధితక్కువ కాదు. "అజీ, షెడ్డు ఈ పొద్దు ఉంటాది, రేపు మూసేస్తారు. పింఛను పేరు ఒగసారి పోతే మళ్ళీ ఎక్కించుకునేకి తిరగాలంటే మీకు కాళ్ళున్నాయా? మనం పోయినాక వాడికి మిగిలేది అదొక్కటే" అనింది. మా ఇంట్లో ఉర్దూలో అనుకున్నవి తమరి సౌకర్యం కొరకు తెలుగులోనే రాస్తున్నాను. ఆమెకు జవాబు చెప్పడానికి తమరు చెప్పిన మాట తప్ప నా చేతిలో ఏమీ లేదు. మాట చూపించమంటే ఎట్లా చూపించేది?

అందువలన మేము ఎవరికీ చెప్పలేదు. వీధికి మాత్రం తెలుసు, తెలియక తప్పదు. షెడ్డులో నలిగిన టమోటాలు పనివాళ్ళకు ఇస్తారు. అయాజ్ సంచి నిండా తెస్తాడు, ఖుర్షీదా ఇంటింటికీ పంచుతుంది. దసరా నుంచి మా వీధిలో ఎవరూ టమోటా కొనలేదు. తిన్నవాళ్ళందరూ నోరు మూసుకున్నారు. మా వీధి ప్రేమ అటువంటిది.

7. జనవరిలో తమరి పరీక్ష తాలూకు మనిషి దినేష్ అనే అబ్బాయి ఇండ్లకు వచ్చినాడు. తోడు మనిషి మాట లెక్కలోకి రాదనీ, ఇంటివారు చెప్పినదే లెక్క అనీ నియమం అంట. సరైన నియమమే, ఎవరి పని వారు పొగుడుకుంటారు కదా. ఆ సమయంలో నేను మసీదులో ఉన్నాను. జరిగినదంతా తర్వాత దొరస్వామి టీ అంగడి దగ్గర నాకు నటించి చూపించినాడు, కాబట్టి చూసినట్టే రాస్తున్నాను.

దినేష్: "అయాజ్ పని ఏమైనా చేస్తున్నాడా అమ్మా?"

ఖుర్షీదా: "పనా? ముందు షర్బత్ తాగునాయనా, ఎండన పడి వచ్చినావు."

దినేష్: "ఇప్పుడు ఎక్కడున్నాడమ్మా?"

ఖుర్షీదా: "పెద్దపంజాణిలో మేనత్త కాడ ఉండాడు."

దొరస్వామి గోడ మీద నుంచి: "సార్, వాడు ఎండలో నిలబడుకుంటే నీడకు రారా అని ఒగరు సెప్పాల. వాడికి పనేంది సార్!"

దినేష్: "మరి ఇన్ని టమోటాలు ఏమిటమ్మా వాకిట్లో?"

దీనికి ఖుర్షీదా తడబడింది అంట. దొరస్వామే అందుకుని, "మా వీధిలో అందరికీ టమోటా అంటే పానం సార్" అన్నాడంట. ఆ అబ్బాయి రాసుకుని, షర్బత్ తాగి, వీధి చివర దాకా పోతే అందరూ ఇదే మాట. నేను నమాజు నుంచి వచ్చేటప్పటికి వాకిట్లో పండగ మాదిరి నవ్వుకుంటున్నారు. నేనూ నవ్వినాను. నవ్వలేదని రాయను.

8. వాడికి కూడా ఖుర్షీదా నేర్పింది. "అట్ట మీద కాగితం పెట్టుకుని ఎవరైనా వచ్చి అడిగితే, నేను పని చేయను అని చెప్పు" అని. దినామూ అన్నం ముందర చెప్పించింది. వాడు నేర్చుకున్నాడు. వాడు నేర్చుకుంటే ఏమవుతుందో పైన మొదటి అంశంలో రాసినాను.

ఫిబ్రవరిలో షెడ్డుకు సరుకు కొనే కంపెనీ మనిషి బెంగళూరు నుంచి తనిఖీకి వచ్చినాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. క్రేటు కడుగుతున్న మావాడి దగ్గర నిలబడి, ఎన్నాళ్ళ నుంచి పని చేస్తున్నావు అని అడిగినాడు. అయాజ్ క్రేటు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నిటారుగా నిలబడి, "నేను పని చేయను" అన్నాడు.

"మరి ఇదేమి చేస్తున్నావు?"

"నేను పని చేయను. ఇంట్లోనే ఉంటాను."

మేస్త్రీ రమణ పరుగెత్తుకుని వచ్చి, "ఒరే అయాజూ, పొద్దున్నుంచి ఈ క్రేట్లన్నీ మీ తాత వచ్చి కడిగినాడేమిరా?" అంటే, వాడు రమణను కూడా చూసి, "నేను పని చేయను అన్నా" అన్నాడంట. షెడ్డంతా నవ్వినారు. వచ్చిన మనిషి నవ్వలేదు. పనివాళ్ళను దాచిపెట్టి, అడిగితే అబద్ధం చెప్పమని నేర్పినారు అని రాసుకుని పోయినాడు. నేర్పినది వాస్తవమే. షెడ్డువాళ్ళు కాదు, మేము.

రమణ నాకు ఫోన్ చేసి, "భాయ్, నా నోట్లో మన్ను కొట్టినాడు మీ పిల్లోడు. నేను సెప్పే దాకా పంపించొద్దు" అన్నాడు. మరుసటి రోజు వాడు ఎప్పటి మాదిరే తయారై, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. బస్సు పోయింది. ఇంకో బస్సు పోయింది. "అబ్బా, నేను బాగా సెప్పినా కదా?" అని అడిగినాడు. బాగా చెప్పినావు నాయనా అన్నాను. ఇంకేమి అనేది?

9. హేమలతమ్మ వచ్చింది. "ఎవురప్పా నేర్పించింది?" అని అడిగింది. ఖుర్షీదా చేట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. వాడిని తీసుకుపోయి రమణతో మాట్లాడి, తానే ఒక అట్ట చేతిలో పట్టుకుని, ఎవరో పరాయి మనిషి మాదిరి షెడ్డు గేటులో నుంచి నడిచి వచ్చి, "ఏమప్పా, ఈడ పని చేస్తాండావా?" అని అడగడం. మళ్ళీ పోవడం, మళ్ళీ రావడం. తలకు గుడ్డ చుట్టుకుని ఒకసారి, కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి. అయాజ్, "హేమక్కా, నీకేమైంది?" అని ఏడవబోయినాడంట. చివరకు, "నా పేరు అయాజ్. నేను ఈడ పని చేస్తాండాను" అని వచ్చింది. రమణ మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆమె మా ఇంటికి వచ్చి, "అప్పా, షెడ్డులో అడిగితే ఏం సెప్పల్లో నేర్పినాను. ఇంటికాడ అడిగితే ఏం సెప్పల్లో మీరు నేర్పుకోండి. అది నేను నేర్పను" అని, నీళ్ళు తాగి పోయింది.

10. ఇప్పుడు తమరి ఉత్తర్వు. పుంగనూరు భాగంలో తోడు ఇచ్చినప్పటికీ, ఇంటివారి వాఙ్మూలం ప్రకారం పనిలో నిలిచినవారు కనబడనందున, ఆ భాగమును నెలాఖరుతో ముగించడమైనది అని ఉంది. అయ్యా, నిలిచినారు. మావాడు నిలిచినాడు. మా వీధిలో ఇంకెవరెవరు నిలిచినారో నేను రాయను, వారి మాట వారు చెప్పుకోవాలి. కానీ తమరు పరీక్ష పెట్టింది మా బిడ్డలకు. పరీక్ష తప్పింది మేము. తమరు ఫెయిలు వేసింది తోడుకు.

హేమలతమ్మకు కూడా సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చిందంట. లేని పనులు ఉన్నట్టు రాసినావు, ఎందుకని. ఆమె మాకు చెప్పలేదు. దొరస్వామి ఎక్కడో విని వచ్చి చెప్పినాడు, ఈసారి నటించలేదు. నేను ఖుర్షీదాకు చెప్పినాను. ఆమె ఇఫ్తారుకు పండ్లు కోస్తూ, "ఆ పిల్ల మన ఇంట్లో నీళ్ళు తాగి, మన అబద్ధం మోస్తాండాది" అనింది. తర్వాత, "రాయండి. చెప్పింది నేనని రాయండి. పిల్లోడు కాదని రాయండి" అనింది. రాసినాను.

11. తోడు ఇప్పుడెందుకు, నేర్చుకున్నాడు కదా అని తమరు అడగవచ్చు. వచ్చే నెల నుంచి షెడ్డులో మామిడి మొదలవుతుంది. క్రేట్ల పని తగ్గిపోయి, కాయకు కాగితం చుట్టి డబ్బాలో పెట్టే పని వస్తుంది. ఎర్రగుడ్డ పనికి రాదు. రమణ నాతో స్పష్టంగా చెప్పినాడు: "హేమలతమ్మ వచ్చి నాలుగు దినాలు సూపిస్తే వీడు చేస్తాడు భాయ్, నాకు తెల్సు. ఆయమ్మ రాకపోతే నాకు వాడి పక్కన కూర్చునే తీరిక యాడుండాది? నన్ను తప్పుగా అనుకోవద్దు." తప్పుగా అనుకోలేదు. మామిడి తర్వాత మళ్ళీ టమోటా, మళ్ళీ క్రేట్లు. మారినప్పుడల్లా వాడు నిలబడిపోతాడు. నిలబడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు కొద్ది దినాలు వచ్చి చెయ్యి పట్టి చూపించాలి. అంతే కావలసింది. ఏడాదంతా అక్కరలేదు. పని కుదర్చడానికి ఒకసారి తోడు చాలు. పని నిలబెట్టడానికి మారినప్పుడల్లా కావాలి. తమరి పరీక్షలో ఈ సంగతి తేలకపోయి ఉంటే దీన్ని చూసి రాసుకోగలరు.

12. ఇది ఫిర్యాదు కాదు, అలసట. సంతోషం దాచిపెట్టి దాచిపెట్టి అలసిపోయినాను అయ్యా. కష్టం దాచుకోవడం మాకు అలవాటే, దానికి ఒళ్ళు వంగి ఉంది. సంతోషం దాచడం చేతకాలేదు. పోయిన నెల చుట్టాల పెండ్లిలో మా పినతండ్రి కొడుకు పక్కన కూర్చుని, "అయాజ్ ఏం చేస్తాండాడు?" అని అడిగినాడు. "ఇంట్లోనే ఉండాడు" అన్నాను. "పాపం" అన్నాడు. నా నోట్లో బిర్యానీ ఉంది. అవతల పందిరి కింద మావాడు ఖాళీ అయిన ప్లేట్లు తీసి వరసగా పేరుస్తున్నాడు. ఎంత అందంగా పేర్చినాడో! లేచి అరవాలనిపించింది. నీళ్ళు తాగి కూర్చున్నాను.

కాబట్టి అయ్యా, తమరిని వేడుకొనునది:

క) షేక్ అయాజ్ పనిలో ఉన్నాడని నమోదు చేయవలెను. సందేహముంటే తమరే షెడ్డుకు వచ్చి అడగవచ్చు. అట్ట, కాగితం పట్టుకునే రావచ్చు, ఇప్పుడు భయం లేదు.

ఖ) హేమలతమ్మ రాసినది నిజమనియు, అబద్ధము ఇంటివారిదనియు ఎరిగి, ఆమెను అడిగిన సంజాయిషీని రద్దు చేయవలెను. కావాలంటే నన్ను పిలిపించి ఎవరి ముందరైనా అడిగించండి, ఇదే చెబుతాను.

గ) పుంగనూరు భాగమును ముగించక, కనీసం మామిడి మొదలై మావాడు కుదురుకునే దాకా ఆమెను ఉంచవలెను.

ఘ) పని చేసినా పింఛను ఆగదని సంతకం, ముద్ర వేసి ఒక కాగితం ఇప్పించవలెను. తెలుగులో, పెద్ద అక్షరాలతో. దొరస్వామి కూర్చునే టీ అంగడి గోడకు అంటిస్తాను. మళ్ళీ వచ్చి లెక్క అడగండి, అప్పుడు మా వీధి ఏమి చెబుతుందో చూడండి.

పింఛను, తోడు ఈ రెండింటిలో ఒకటే ఇవ్వగలమని ప్రభుత్వం వారు అంటే, పింఛను వెనక్కి తీసుకుని తోడును మాకు వదలవలెనని కూడా మనవి.

ఇట్లు ఉపవాసంతో, మందమైన చూపుతో, నిండిన మనసుతో రాసుకున్న ఈ విన్నపమును తమరు చిత్తగించి, నెలాఖరు లోపల దయచూపవలెనని కోరుకొను

తమ విధేయుడు, అయాజ్ తండ్రి,
షేక్ సిరాజుద్దీన్,
పరుపుల పని, పుంగనూరు.

తా.క. ఖుర్షీదాకు చదివి వినిపించినాను. పింఛను తీసుకోండి అన్న వాక్యం దగ్గర ఆపి, "అది మీరు ఎవరినడిగి రాసినారు?" అనింది. ఆ వాక్యం లేనట్టుగా భావించవలెను. కొట్టివేస్తే అర్జీ మాసినట్టు కనబడుతుందని ఉంచినాను. మాకు రెండూ కావాలి. తమరు మీటింగులో చెప్పింది కూడా రెండూ అనే.

ఈ సంగతి తెలియజేయవలసిన మా బంధువులు (తమరి జవాబు వచ్చినా రాకపోయినా పండగ దినం వీరికి చెప్పేస్తాను, ఇక దాచలేను, తమరి కాగితం చేతిలో ఉంటే చెప్పడానికి బాగుంటుంది):

మా అక్క హాజిరాబీ, పెద్దపంజాణి. ప్రతి నమాజులో అయాజ్ పేరు చెప్పి, వీడికి ఒక దారి చూపించమని దువా చేస్తుంది. దారి దొరికిందని తెలియక ఇంకా అడుగుతూనే ఉంది.

నా బావమరిది జాహిద్, మదనపల్లె. ఆ షెడ్డు ముందర నుంచే ఆటో తోలుకుని పోతుంటాడు. ఒకసారి ఫోన్ చేసి, "బావా, ఈడ ఒగడుండాడు, అచ్చం మన అయాజే" అన్నాడు. లోకంలో ఒకే పోలిక మనుషులు ఉంటారు లేరా అన్నాను.

నా పినతండ్రి కొడుకు సర్దార్, పెద్దతిప్పసముద్రం. పెండ్లిలో పాపం అన్నది ఈయనే. ఈయనకు కొంచెం గట్టిగా చెప్పాలి.

మా పెద్దమ్మాయి నిలోఫర్, కుప్పం. సొంత అక్కకే చెప్పలేదు, ఫోనులో ఆమె మాట్లాడితే నాలుగిండ్లకు వినబడుతుందని. ఆమె బిడ్డ ముస్కాన్‌కు నాలుగో ఏడు. మాటలు ఇంకా రాలేదు. పోయిన వారం ఆ బిడ్డకు కూడా డాక్టర్ల కాగితం ఇచ్చినారంట. నిలోఫర్ ఫోన్ చేసి, ఈసారి నెమ్మదిగానే, "అబ్బా, ఇది పెద్దదైతే దీనికి ఏమొస్తాది?" అని అడిగింది. అయాజ్ అప్పుడే పని నుంచి వచ్చి నా ఎదురుగా చేతులు కడుక్కుంటున్నాడు. నేను, "పింఛను వస్తాదమ్మా" అన్నాను. సరే అబ్బా అని పెట్టేసింది.

ఈమెకు అందరికంటే ముందు చెప్పాలి.